డిజైన్ ఆఫీసు వదిలి బిమ్ కోఆర్డినేటర్ కావడం ఎలా: బీఆర్క్ చదివినవారికి మెట్టు మెట్టుగా

బీఆర్క్ పూర్తిచేసి రెండు మూడేళ్లు ఆఫీసులో పనిచేసినవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: డిజైన్ ప్రాక్టీసు కాకుండా ఈ చదువుతో ఇంకేం చేయొచ్చు? దారులు చాలానే ఉన్నాయి. అన్నిటి గురించీ రెండేసి ముక్కలు చెబితే ఎవరికీ ఉపయోగపడదు. అందుకే ఇక్కడ ఒక్క దారినే మొదటినుంచి చివరిదాకా చెబుతున్నాం: బిమ్ కోఆర్డినేషన్. బిమ్ అంటే భవనాన్ని కట్టకముందే సమాచారంతో సహా కంప్యూటర్లో 3డీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల భవనాలకు మోడళ్లు తయారుచేసే సంస్థలు చాలా ఉన్నాయి. ఇల్లు మారకుండానే వృత్తి మారే అవకాశం ఇందులో ఉంది.

పని ఏమిటో ముందు తెలుసుకోండి. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) మోడళ్లను ఒకచోట చేర్చాలి. రేపు సైటులో తలెత్తబోయే క్లాష్‌లను, అంటే ఒక వస్తువు ఇంకొకదానికి అడ్డొచ్చే చోట్లను, కంప్యూటర్లోనే పట్టుకోవాలి. ఎవరు ఏం మార్చాలో తేల్చి, ఆ మార్పు జరిగేదాకా వెంటపడాలి. రోజూ ఫోన్లు, మీటింగులు, మెయిళ్లు ఉంటాయి. ఒంటరిగా కూర్చుని గీసుకోవడమే ఇష్టమైతే ఇది మీకు సరిపడదు. కింద ఇచ్చిన ఇతర దారులు చూడండి.

వారానికి 12 గంటలు కేటాయించగలిగితే ఈ మెట్లన్నీ దాటడానికి నాలుగైదు నెలలు పెట్టుకోండి.

కావలసినవి

కంప్యూటర్: విండోస్ తప్పనిసరి. మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ రెవిట్ మ్యాక్‌లో నేరుగా నడవదు. 16 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు, మూడు నాలుగు మోడళ్లు కలిపి తెరవాలంటే 32 జీబీ కావాలి. ఎస్ఎస్‌డీ ఉండాలి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు తగలేయకండి. రెవిట్‌లో ఎక్కువ పనులకు ప్రాసెసర్ ఒక్కో కోర్ వేగమే ముఖ్యం.

సాఫ్ట్‌వేర్: రెవిట్, మోడళ్లను కలిపి తనిఖీ చేసే నేవిస్‌వర్క్స్ మేనేజ్. నేవిస్‌వర్క్స్‌లో సిమ్యులేట్, ఫ్రీడమ్ అనే రకాలూ ఉన్నాయి కానీ క్లాష్‌లు వెతికే క్లాష్ డిటెక్టివ్ ఉండేది మేనేజ్‌లోనే. విద్యార్థులకు ఆటోడెస్క్ ఏడాదిపాటు ఉచితంగా ఇస్తుంది, అర్హత ఉన్నన్నాళ్లు పొడిగించుకోవచ్చు. ఆ లైసెన్సుతో డబ్బు తీసుకుని పనిచేయకూడదు. చదువు అయిపోయినవారికి 30 రోజుల ట్రయల్ ఉంది. కాబట్టి సాధన అంతా ఒక ప్రణాళిక వేసుకున్నాకే ట్రయల్ మొదలుపెట్టండి. అది కూడా కుదరకపోతే బ్లెండర్ మీద నడిచే బోన్సాయ్ ఉచితం. వేరు వేరు సాఫ్ట్‌వేర్‌ల మధ్య మోడళ్లు పంచుకునే ఐఎఫ్‌సీ ఫైళ్లతో మోడలింగ్, క్లాష్ తనిఖీ రెండూ అందులో చేయొచ్చు. క్రాక్ చేసిన కాపీల జోలికి మాత్రం వెళ్లకండి.

డ్రాయింగులు: మీ థీసిస్ గానీ, మీరే కొలతలు తీసిన భవనం గానీ వాడండి. పాత ఆఫీసు డ్రాయింగులు అనుమతి లేకుండా వాడి పోర్ట్‌ఫోలియోలో పెడితే, ఇంటర్వ్యూ తీసుకునేవారికి మొదట వచ్చే ఆలోచన ఒకటే: రేపు మా డ్రాయింగులూ ఇలాగే బయటికి వెళ్తాయి.

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్: ఉద్యోగం మారుతున్నాం కదా అని రెన్యువల్ ఆపేయకండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివారు ఆర్కిటెక్ట్ అనే హోదా వాడకూడదు. ఆ సెక్షన్ హోదాను కాపాడుతుందే తప్ప పనిని నిషేధించదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే బిమ్ ఉద్యోగానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే అది నడుస్తూ ఉండాలి.

1. ఏ పోస్టుకో ముందే తేల్చుకోండి

మోడలర్, కోఆర్డినేటర్, మేనేజర్ అని మూడు అంచెలుంటాయి. నేరుగా కోఆర్డినేటర్‌గా తీసుకోవడం అరుదు. ఏడాదో రెండేళ్లో మోడలర్‌గా చేయాల్సి రావచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. మీ ఊళ్లోని 15 ఉద్యోగ ప్రకటనలు తెరిచి, వాటిలో పదే పదే కనిపించే మాటలు ఒక కాగితం మీద రాయండి: ఏ సాఫ్ట్‌వేర్, ఏ దేశం ప్రాజెక్టులు, ఎల్ఓడీ (మోడల్‌లో వివరం ఏ స్థాయిలో ఉండాలో చెప్పే అంకె) ఎంత. అమెరికా పనులు ఎక్కువుంటే అడుగులు, అంగుళాల్లో సాధన చేయాలి. బ్రిటన్ పనులైతే బిమ్ సమాచార నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 19650 చదవాలి. ఈ కాగితమే మీ సిలబస్.

2. సాధనకు సరైన భవనం ఎంచుకోండి

చాలామంది సొంతిల్లో, విల్లానో తీసుకుంటారు. అందులో డక్టులు ఉండవు, స్ప్రింక్లర్లు ఉండవు, ఇక క్లాష్‌లు ఎక్కడినుంచి వస్తాయి? జీ ప్లస్ 3 ఆఫీసు గానీ చిన్న నర్సింగ్ హోమ్ గానీ తీసుకోండి. ఏసీ డక్టు, ఫైర్ లైను, మురుగు పైపులు, కేబుల్ ట్రే నాలుగూ ఉండాలి.

అలాంటిది దొరకకపోతే రెవిట్ కొత్త వెర్షన్లతో వచ్చే స్నోడన్ టవర్స్ శాంపిల్ ఫైళ్లు వాడండి. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, హెచ్‌వీఏసీ అన్నీ విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. క్లాష్ సాధనకు చాలు. పోర్ట్‌ఫోలియోకి మాత్రం సొంత మోడలే ఉండాలి.

3. ఫైళ్లు, కోఆర్డినేట్లు అమర్చండి

ఒక్క గోడ కూడా గీయకముందే ఈ పని పూర్తి కావాలి. ఇక్కడ తప్పితే తర్వాత చేసిందంతా మళ్లీ చేయాలి.

ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఎంఈపీలకు మూడు వేరు వేరు ఫైళ్లు తెరవండి. మూడూ ఒకే రెవిట్ వెర్షన్‌లో ఉండాలి. పాత ఫైలును కొత్త వెర్షన్‌లో సేవ్ చేస్తే తిరిగి పాతదానిలో తెరుచుకోదు. ఆర్కిటెక్చర్ ఫైల్లో గ్రిడ్లు, లెవెల్స్ వేసి, మిగతా రెండు ఫైళ్లలోకి దాన్ని లింక్ చేసి, కాపీ మానిటర్‌తో అవే గ్రిడ్లు, లెవెల్స్ తెచ్చుకోండి. చేత్తో మళ్లీ గీయకండి.

సర్వే విలువలు యూటీఎంలో (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) వస్తే హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ 44వ ఉత్తర జోన్‌లోకి వస్తాయి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం మాత్రం 43లోకి పోతుంది. జోన్ తప్పుగా పెడితే భవనం వందల కిలోమీటర్లు జరిగిపోతుంది. హైదరాబాద్‌లో నార్తింగ్ (ఉత్తర దిశలో దూరం) విలువ 19 లక్షల మీటర్లు దాటుతుంది. ఆ విలువ చూసి మోడల్‌నే అంత దూరం జరిపేవాళ్లున్నారు. అలా చేయకండి. రెవిట్ అంతర్గత మూలబిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటితే గీతలు వణుకుతాయి, స్నాప్‌లు తప్పుతాయి. మోడల్‌ను మూలబిందువు దగ్గరే ఉంచి, స్పెసిఫై కోఆర్డినేట్స్ అట్ పాయింట్‌తో ఆ విలువలు ఇవ్వండి. తర్వాత మిగతా ఫైళ్లలో అక్వైర్ కోఆర్డినేట్స్ వాడండి.

సరిచూసుకోవడం: మూడు ఫైళ్లలోనూ ఏ, 1 గ్రిడ్లు కలిసే చోట స్పాట్ కోఆర్డినేట్ పెట్టండి. మూడు చోట్లా ఒకే అంకెలు రావాలి. మిల్లీమీటరు తేడా ఉన్నా ముందుకు వెళ్లొద్దు.

4. మోడల్ కట్టండి

కట్టేటప్పుడు సైటులో ఏది ముందు కడతారో ఆ వరుసలోనే వెళ్లండి: కాలమ్స్, బీములు, స్లాబు, గోడలు, ఫినిషింగ్. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్ ఎల్ఓడీ 300కు, ఎంఈపీ 350కు తీసుకెళ్లండి. 300 అంటే కొలత, స్థానం ఖచ్చితం. 350 అంటే దానికి తోడు పక్కనున్న వస్తువులతో కలిసే చోట్లు, సపోర్టులు కూడా ఉండాలి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు ఇవి:

క్యాడ్ ఫైలును ఇంపోర్ట్ చేసి ఎక్స్‌ప్లోడ్ చేయడం. వేల గీతలు, లైన్ స్టైళ్లు ఫైల్లోకి చొరబడతాయి. ఎప్పుడూ లింక్ క్యాడ్ వాడండి, పని అయ్యాక తీసేయండి.

నాలుగంతస్తుల గోడను ఒకే ముక్కగా వేయడం. ఏ అంతస్తు క్వాంటిటీ అడిగినా జవాబు రాదు.

ప్రతి వింత ఆకారానికీ ఇన్‌ప్లేస్ ఫ్యామిలీ (ఆ ప్రాజెక్టు ఫైల్లోనే గీసే వస్తువు) చేయడం. ఒకటి రెండు పర్వాలేదు. అంతకు మించితే విడిగా ఫ్యామిలీ తయారుచేయండి.

స్లాబును ఆర్కిటెక్చర్ ఫైల్లోనూ, స్ట్రక్చర్ ఫైల్లోనూ వేయడం. ఆర్కిటెక్చర్‌లో ఫినిషింగ్ పొర మాత్రమే వేయండి, కాంక్రీటు స్ట్రక్చర్‌కి వదిలేయండి.

కాలమ్, స్లాబు జాయిన్ కాకుండా వదిలేయడం. చిన్న విషయంలా కనిపిస్తుంది. లెక్కేసి చూడండి. 300 × 600 కాలమ్, 150 మి.మీ. స్లాబు దాటే చోట 0.027 క్యూబిక్ మీటర్లు రెండుసార్లు లెక్కకొస్తుంది. అంతస్తుకు 40 కాలమ్స్, ఐదు స్లాబులు అనుకుంటే 5.4 క్యూబిక్ మీటర్లు. దాదాపు ఒక ట్రాన్సిట్ మిక్సర్ లోడు కాంక్రీటు కాగితం మీద అదనంగా పుట్టుకొచ్చింది.

సరిచూసుకోవడం: మేనేజ్ ట్యాబ్‌లో వార్నింగ్స్ తెరవండి. ఒకే చోట రెండు ఒకేరకం వస్తువులున్నాయనే వార్నింగ్ ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ తర్వాత ఒక గది తీసుకుని గోడ వైశాల్యం, ఫ్లోరింగ్ చేత్తో లెక్కేసి షెడ్యూలుతో (రెవిట్ ఇచ్చే కొలతల పట్టిక) పోల్చండి.

5. ఎంఈపీ భయం పోగొట్టుకోండి

ఆర్కిటెక్టులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. డక్టు సైజు మీరు లెక్కించనక్కర్లేదు, అది ఇంజినీరు పని. వచ్చిన సైజును సరిగా పెట్టగలిగితే చాలు. రెండు విషయాలు మరవొద్దు. ఒకటి, ఇన్సులేషన్: 25 మి.మీ. మందం అంటే డక్టు లోతు 50 పెరుగుతుంది. రెండు, మురుగు పైపు వాలు: 80కి 1 చొప్పున వాలిస్తే 10 మీటర్ల దూరానికి 125 మి.మీ. కిందికి దిగుతుంది. పైపును సమతలంగా గీసినవారి మోడల్‌లో క్లాష్ లేకపోవచ్చు, కట్టడంలో మాత్రం తప్పకుండా ఉంటుంది.

6. మోడళ్లు కలిపి క్లాష్ నడపండి

ప్రతి రెవిట్ ఫైలు నుంచి నేవిస్‌వర్క్స్ చదివే ఎన్‌డబ్ల్యూసీ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో మూడు చూసుకోవాలి: కోఆర్డినేట్స్ షేర్డ్‌లో ఉండాలి. ఎలిమెంట్ ఐడీలు టిక్ అయి ఉండాలి, లేకపోతే క్లాష్ వచ్చిన వస్తువును రెవిట్‌లో వెతుక్కోలేరు. లింక్డ్ ఫైళ్లను కన్వర్ట్ చేసే టిక్ తీసేయాలి. ఇది మర్చిపోతే ఆర్కిటెక్చర్ మోడల్ ప్రతి ఫైల్లోనూ ఇంకోసారి వచ్చి చేరుతుంది, వేల దొంగ క్లాష్‌లు కనిపిస్తాయి. మొదటిసారి రిపోర్టు చూసి బెంబేలెత్తేవారిలో చాలామందికి అసలు కారణం ఈ ఒక్క టిక్కే.

మూడు ఎన్‌డబ్ల్యూసీలను కలిపి ఎన్‌డబ్ల్యూఎఫ్‌గా సేవ్ చేయండి. ఎన్‌డబ్ల్యూఎఫ్ అసలు ఫైళ్లవైపు చూస్తుంటుంది, మోడల్ మారితే రిఫ్రెష్ అవుతుంది. ఎన్‌డబ్ల్యూడీ ఆ రోజు పరిస్థితిని అక్కడికక్కడ నిలిపేసిన కాపీ, బయటికి పంపడానికి. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే తేడా ఇది.

అన్నిటితో అన్నిటినీ ఒకేసారి ఢీకొట్టించకండి. జతలుగా నడపండి, ఈ వరుసలో: బీములతో డక్టులు, బీములతో మురుగు పైపులు, డక్టులతో పైపులు, డక్టులతో కేబుల్ ట్రేలు, ఫాల్స్ సీలింగ్‌తో అన్నీ. మొదటి విడతకు హార్డ్ క్లాష్ (ఒకదాన్నొకటి నిజంగా దూసుకెళ్లేవి), టాలరెన్స్ (ఇంతకన్నా తక్కువ దూసుకెళ్తే పట్టించుకోని హద్దు) 25 మి.మీ. పెట్టండి. పెద్దవి తీరాక 10కి దించండి. వాల్వులు, డ్యాంపర్ల దగ్గర చెయ్యి పట్టే జాగా కోసం క్లియరెన్స్ టెస్టు విడిగా నడపండి.

7. క్లాష్‌ను పరిష్కరించండి

సాఫ్ట్‌వేర్ ఆపరేటరుకీ ఆర్కిటెక్టుకీ తేడా తెలిసేది ఇక్కడే, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం.

ఆఫీసు అంతస్తు ఎత్తు 3600 మి.మీ. పై అంతస్తు ఫినిషింగ్ 75, బీము లోతు స్లాబుతో కలిపి 600. అంటే బీము అడుగు 2925 దగ్గర ఉంది. దాని కింద 50 ఖాళీ వదిలి 600 × 300 డక్టు వెళ్తోంది, ఇన్సులేషన్‌తో లోతు 350. డక్టు అడుగు 2525. సపోర్టు యాంగిల్ 40 పోతే 2485. ఫాల్స్ సీలింగ్ ఫ్రేము, బోర్డు, లైటు లోతు కలిపి 120. మిగిలింది 2365.

డక్టు, బీము తాకడం లేదు. క్లాష్ డిటెక్టివ్ సున్నా చూపిస్తుంది. కానీ ఏసీ గదిలో నేల నుంచి ఫాల్స్ సీలింగ్ దాకా కనీసం 2.4 మీటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెబుతోంది. మనకు 35 మి.మీ. తగ్గింది. సెక్షన్ గీసి కొలిచే అలవాటున్నవారికే ఇది కనబడుతుంది. మోడలర్‌కు కనబడదు, సాఫ్ట్‌వేర్‌కూ కనబడదు.

దారులు: డక్టును 900 × 200గా మారిస్తే వైశాల్యం అదే 0.18 చదరపు మీటర్లు, ఎత్తు 100 కలిసొచ్చి 2465 అవుతుంది. అయితే చదునైన డక్టులో రాపిడి పెరుగుతుంది, అందుకే ఎంఈపీ ఇంజినీరు మళ్లీ లెక్క చూసి ఒప్పుకోవాలి. లేదా డక్టును బీముకు సమాంతరంగా, రెండు బీముల మధ్య జాగాలో పైకి ఎత్తి నడపాలి. లేదా దాటే చోట మాత్రమే సీలింగ్ దించి, ఆ భాగం కారిడార్ మీద పడేలా ప్లాన్ సర్దాలి, అక్కడికి వర్తించే ఎత్తు నిబంధన చూసుకుని. బీములో రంధ్రం అనే మాట స్ట్రక్చరల్ ఇంజినీరు నోటి నుంచే రావాలి. మీ రిపోర్టులో ఎప్పుడూ సూచించకండి.

ఎవరు జరగాలో తేల్చడానికి వరుస ఇది: వాలు మీద నడిచే మురుగు పైపు కదలదు. తర్వాత పెద్ద డక్టులు. ఆ తర్వాత ఒత్తిడితో నడిచే నీళ్లు, ఫైర్ పైపులు. వంగడం తేలికైన కేబుళ్లు, కాండ్యూట్లు చివర. కేబుల్ ట్రే మీదుగా నీళ్ల పైపు పోనివ్వకండి.

8. రిపోర్టు రాయండి, మళ్లీ నడపండి

వచ్చిన 600 క్లాష్‌లను అలాగే పంపితే ఎవరూ చదవరు. ఒకే డక్టు పన్నెండు బీములను కొడితే అది ఒక సమస్యే, ఒక గ్రూపుగా కట్టండి. ప్రతి గ్రూపుకూ: గ్రిడ్ స్థానం, అంతస్తు, ఒక సెక్షన్ బొమ్మ, ఎంత మి.మీ. దూసుకెళ్లింది, మీ సూచన, బాధ్యుడు, గడువు తేదీ. మార్పులయ్యాక మళ్లీ నడపండి. పరిష్కారమైనవి రిసాల్వ్డ్‌లోకి వాటంతటవే వెళ్తాయి. చేత్తో అప్రూవ్డ్ కొట్టి లెక్క తగ్గించుకోకండి. ఎందుకు వదిలేశారో కారణం రాసినప్పుడే అప్రూవ్డ్ వాడండి.

సరిచూసుకోవడం: క్లాష్ సంఖ్య తగ్గినచోటల్లా ఆ ప్రాంతం కొత్త సెక్షన్ తెరిచి చూడండి. ఒకదాన్ని జరిపితే ఇంకొకటి పుట్టే అవకాశం ఎక్కువ.

9. పేర్లు, స్టేటస్‌లు నేర్చుకోండి

దీనికి వారం చాలు. ఐఎస్ఓ 19650 మొదటి రెండు భాగాలు 2018లో వచ్చాయి. ఫైలు నాలుగు దశల్లో నడుస్తుంది: పనిలో ఉన్నది, పంచుకున్నది, ప్రచురించినది, భద్రపరచినది. బ్రిటన్ పద్ధతిలో ఫైలు పేరులో ప్రాజెక్టు, సంస్థ, భాగం, అంతస్తు, రకం, పాత్ర, సంఖ్య వరుసగా వస్తాయి. మీ సాధన ఫైళ్లకు మొదటి రోజు నుంచే ఆ పేర్లు పెట్టండి. ఫైనల్, ఫైనల్ 2 అనే పేర్లు పోర్ట్‌ఫోలియోలో కనబడితే మిగతా పని చూడకుండానే పక్కన పెట్టేస్తారు.

10. పోర్ట్‌ఫోలియో, టెస్టు

రెండరింగులు తీసేయండి. అందమైన సాయంత్రపు వెలుగు బొమ్మ ఈ ఉద్యోగానికి పనికిరాదు. 8 నుంచి 12 పేజీల పీడీఎఫ్ చాలు: కోఆర్డినేట్ల అమరిక ఒక పేజీ, మూడు క్లాష్‌లు ముందు, తర్వాత సెక్షన్లతో, క్లాష్ లాగ్ ఒక పేజీ, చేత్తో చేసిన క్వాంటిటీ లెక్కను షెడ్యూలుతో పోల్చిన పేజీ ఒకటి. దానికి తోడు మోడల్ తిప్పుతూ మాట్లాడే మూడు నిమిషాల వీడియో. పై సీలింగ్ ఉదాహరణలాంటిది మీ భవనంలో ఒకటి వెతికి పెట్టండి, దాని గురించే ఎక్కువసేపు అడుగుతారు.

టెస్టులో సాధారణంగా ఒక పీడీఎఫ్ ఇచ్చి కొన్ని గంటల్లో మోడల్ చేయమంటారు. పూర్తికాకపోయినా పర్వాలేదు, కొలతలు తప్పకూడదు. డ్రాయింగులో ప్లానుకూ సెక్షన్‌కూ పొంతన లేని చోటు కనబడితే రాసి ఇవ్వండి. కొన్నిసార్లు కావాలనే అలా పెడతారు.

సర్టిఫికెట్ కావాలంటే ఆటోడెస్క్ సర్టిఫైడ్ ప్రొఫెషనల్ గానీ, బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ ఇచ్చే ప్రాథమిక స్థాయి సర్టిఫికెట్ గానీ తీసుకోండి. కానీ మోడల్ పూర్తయ్యాకే. లక్షలు తీసుకుని ఉద్యోగం గ్యారంటీ అనే కోర్సుల్లో చేరేముందు, అక్కడ చదివినవారు చేసిన క్లాష్ రిపోర్టు ఒకటి చూపించమని అడగండి. చూపించలేకపోతే చేరకండి.

ఈ దారి నచ్చకపోతే

లెక్కలంటే ఇష్టం, ఐదేళ్ల అనుభవం ఉంటే ఆస్తుల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ దారి చూడండి. 2017 నిబంధనల ప్రకారం భూమి, భవనాల విభాగానికి ఆర్కిటెక్టులు అర్హులే. 50 గంటల కోర్సు, ఐబీబీఐ (దివాలా వ్యవహారాల బోర్డు) పరీక్ష ఉంటాయి. ప్లానింగ్ వైపు మనసుంటే గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు రాసి, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి చోట ఎంప్లాన్ చేయొచ్చు. పర్యావరణం మీద ఆసక్తి ఉంటే, హైదరాబాద్‌లోని గ్రీన్ బిజినెస్ సెంటర్ నుంచి నడిచే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్షతో మొదలుపెట్టండి. వీటిలో దేనికైనా ముందు ఒక పూర్తి పని నమూనా తయారుచేసుకోవడమే పద్ధతి.

ఆఫర్ వచ్చాక, సంతకం పెట్టేముందు

నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. షిఫ్టు వేళలు: అమెరికా క్లయింట్లయితే సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటొచ్చు. ఏ దేశం, ఏ రకం ప్రాజెక్టులు. కోఆర్డినేటర్ పనికి ఎప్పుడు, దేని ఆధారంగా మారుస్తారు. బాండ్ ఉందా, ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోకండి. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.